గిట్టెన్స్ చిటికెన వేలు

పాత ఆఫీసు భవనాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. కొత్త భవనమైతే గోడలు మన మాట వింటాయి. డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లో మాకు తగిలిన ఆ ముసలి భవనంలో మాత్రం ఏ గోడకి చిల్లు పెట్టినా లోపల ఇంకో గోడ ఎదురయ్యేది. యజమాని కింది నాలుగంతస్తులు ముందే పూర్తి చేయించి అద్దెకిచ్చేశాడు. వాళ్లకి వెచ్చదనం ఉంది. పైన పనిచేసే మాకు లేదు. జనవరి పొద్దున్న ఇనుప నిచ్చెన మీద చెయ్యి వేస్తే నరాల దాకా జివ్వుమనేది. అక్కడ నేనూ, క్లెయిర్‌మాంట్ గిట్టెన్సూ జోడీ. మా కరెంటు పనిలో ఇద్దరిద్దరం కలిసి చెయ్యడం రివాజు. మొగుడు పెళ్లాలైనా సాయంత్రమే కలుస్తారు, జోడీగాళ్లు పొద్దంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే. నేను గిట్టెన్స్ మొహం పదకొండేళ్లు చూశాను.

నా పేరు మార్వా హోల్డర్. పుట్టింది బ్రూక్లిన్‌లోనే, అమ్మానాన్నలు బార్బడోస్ వాళ్లు. గిట్టెన్స్‌ది కూడా ఆ దీవే, ఉత్తరాన సెయింట్ లూసీ. ఇరవై ఏళ్లప్పుడు వచ్చి బ్రూక్లిన్‌లోనే ఫ్లాట్‌బుష్‌ పేటలో దిగాడు, ఇప్పుడు అరవై ఆరు. నాకు నలభై ఏడు నిండినా ఆయన నన్ను పిల్లా అనే పిలుస్తాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు, సున్నం రాలే పనికి కూడా. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. నచ్చని మనిషిని కూడా తిట్టడు, వాడి పనిని చూసి "బాగుంది, మీ ఇంట్లో అయితే ఇలాగే చేస్తావా?" అని అడుగుతాడు. తిడితేనే నయం.

మేం గోడల్లో లాగేది బీఎక్స్. రాగి తీగల చుట్టూ ఉక్కు పట్టీని మెలికలుగా చుట్టి చేసిన కేబుల్. కాగితాల మీద దానికి వేరే పేర్లున్నాయి గానీ మా ఊళ్లో ఎవరి నోటా అవి రావు. ఎలుక కొరకలేదు, మేకు అంత తేలిగ్గా దిగదు. ఒక చుట్ట భుజాన వేసుకుని ఆరంతస్తులు ఎక్కితే సాయంత్రానికి ఆ భుజం మాత్రం మనది కాదు. పైగా ఆ ఉక్కు తొడుగుకి ఒక దుర్గుణం ఉంది. కోసిన చోట దాని అంచు కత్తిలా ఉంటుంది. తీగని కాపాడటానికి వేసిన తొడుగే తీగని కోస్తుంది, కంచే చేను మేసినట్టు. అందుకని కోసిన ప్రతి కొసలోనూ ఉక్కుకీ తీగలకీ మధ్య గోరంత ఎర్ర ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. మేం దాన్ని ఎర్ర టోపీ అంటాం. అది మర్చిపోతే ఆ రోజేం కాదు, ఆ నెలా ఏం కాదు. భవనం అదురుతూ ఉంటుంది, ఉక్కు అంచు తీగ మీది తొక్కని కొంచెం కొంచెంగా గీరుతూ ఉంటుంది. తర్వాతెప్పుడో గోడలోపల నిప్పు పుడుతుంది.

ఇప్పుడందరూ ఆ తొడుగుని కొయ్యడానికి తిప్పుడు పిడి ఉన్న చిన్న మర వాడతారు. గిట్టెన్స్ వాడడు. కేబుల్‌ని రెండు చేతులా పట్టుకుని వంచుతాడు, టక్కుమని తొడుగు విచ్చుకుంటుంది, ఒక మెలి తిప్పి కటింగ్ ప్లయర్‌తో చటుక్కున కత్తిరిస్తాడు. ఎర్ర టోపీ దూర్చి చిటికెన వేలితో ఒక్కసారి తడిమి చూసి పెట్టెలోకి ఎక్కిస్తాడు. స్విచ్చికైనా ప్లగ్గుకైనా గోడలో ఉండే ఇనుప డబ్బా ఉంది చూశారూ, అదే పెట్టె. కంటితో చూడటం అన్నది ఆయన ఎరగడు. "చూడ్డానికి ఇన్‌స్పెక్టరుకి జీతమిస్తున్నారు, నేనెందుకు చూడాలి?" అనేవాడు.

మా వాళ్లలో ఇంకో కట్టుబాటు ఉంది. ఎవరు కట్టిన పెట్టెలో వాళ్లు లోపలివైపు పేరులో మొదటి అక్షరాలు రాసుకుంటారు. ఒకరి పెట్టెలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. జోడీ అయినా సరే, అడక్కుండా తెరిచావంటే పక్కింటి పొయ్యి మీద కూర మూత తీసి ఉప్పు చూసినంత అవమానం. ఆ మీద మాటలుండవు. అలా విడిపోయిన జోడీలు నాకు తెలుసు.

జనవరి చివర్లో ఆరో అంతస్తులో పనిచేస్తున్నాం. కింద నిలబడి కేబుల్ అందిస్తుంటే నా చేతికి తడి తగిలింది. చూస్తే ఉక్కు మెలికల నిండా రక్తం. పైన గిట్టెన్స్ ఏమీ ఎరగనట్టు ఇంకో కొస వంచుతున్నాడు.

"పెద్దాయనా, చెయ్యి తెగింది."

"ఎవరిది?"

"మా తాతది. చూసుకో."

చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో తోలు లేచిపోయి ఉంది. దాన్ని ఎవరి చెయ్యో చూసినట్టు చూసి, ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చలికి తెలీలేదు," అన్నాడు.

"ఇంత తెగితే తెలీకపోవడమేంటి? ఈ మర తీసుకో, చెయ్యైనా దక్కుతుంది."

"బఠాణీలు ఒలుచుకోడానికి మీ అమ్మకివ్వు."

"మా అమ్మ పోయి ఆరేళ్లైంది."

"అయితే ఆవిడకీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. కేబుల్ ఇలా పట్టు."

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. చలికి చెయ్యి మొద్దుబారడం మా అందరికీ తెలుసు. తెగితే ఎంత మొద్దు చెయ్యైనా అబ్బా అంటుంది. ఆ తర్వాత ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. స్క్రూలు జారిపోతున్నాయి. కింద పడ్డవాటిని తియ్యడానికి వంగడం మానేసి, బూటుతో పక్కకి నెట్టి సంచిలోంచి కొత్తవి తీస్తున్నాడు. కాఫీ కప్పుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతున్నాడు.

"కొసలు నేను కడతా, నువ్వు లాగు, కొన్నాళ్లు మార్చుకుందాం," అన్నాను ఒకరోజు.

"నీకు లాగడం బరువైందా?"

"అయింది. మోకాళ్లు పట్టేస్తున్నాయి."

"అండీన్ దగ్గర ఆవ నూనె ఉంది, పంపిస్తా," అని నిచ్చెన ఎక్కేశాడు.

అండీన్ ఆయన భార్య. నాకు అక్కలాంటిది. ఆమె తుంటి ఎముక అరిగిపోయి రెండేళ్లు. వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. పోయిన వేసవి నుంచీ ఆమె చర్చికి తప్ప కిందికి దిగలేదు, దిగిన రోజు ఎక్కడానికి మెట్టుమెట్టుకీ కూర్చునేది. ఏప్రిల్‌లో ఆపరేషన్‌కి తేదీ దొరికింది. గిట్టెన్స్ అప్పటిదాకా పనిలో ఉంటే ఆ ఖర్చు మా కార్మిక సంఘం భరిస్తుంది. ముందే మానేస్తే భరించదు. అందుకే విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం అన్నట్టుంది నా పరిస్థితి. ఫోర్‌మన్‌కి చెబితే అండీన్ నడక పోతుంది. ఆయన పెట్టెలు దొంగచాటుగా తెరిచి చూద్దామంటే మా జోడీయే పోతుంది. నేను ఏదీ చెయ్యలేదు. సాయంత్రమైతే దారిపొడుగునా జనాన్ని ఎక్కించుకునే డాలర్ వ్యాన్‌లో కూలబడి, ఫ్లాట్‌బుష్ అవెన్యూ పొడుగునా కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో ఆలోచించడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఫిబ్రవరి మధ్యలో ఐదో అంతస్తుకి కరెంటు ఇచ్చారు. నాలుగు, ఐదు అంతస్తులు మా ఇద్దరి చేతి పనే. అన్ని ఇళ్లూ వెలిగాయి, ఒక ఇంటి వంటగది మాత్రం వెలగలేదు. స్విచ్చి వెయ్యగానే టప్‌మని బ్రేకర్ పడిపోతోంది. ఫోర్‌మన్ మల్‌గ్రూ వచ్చాడు. ఐరిష్ మనిషి, ఎర్ర మొహం, ఎప్పుడూ జలుబు. పని నేర్చుకుంది గిట్టెన్స్ దగ్గరే. ఇప్పుడు ఆయన మీదే అజమాయిషీ చెయ్యాల్సి రావడం వాడికీ ఇష్టం లేదు పాపం.

"మార్వా, ఆ పెట్టె తెరువు," అన్నాడు.

"నాది కాదు," అన్నాను.

"నాది," అంటూ గిట్టెన్స్ ముందుకొచ్చాడు. కరెంటు ఆపించి, స్క్రూడ్రైవర్‌ని పిడికిలితో పట్టుకుని, మూత విప్పి, ప్లగ్గు బయటికి లాగాడు. లోపల ఆయన రాసుకున్న అక్షరాలు కనిపించాయి. కేబుల్ కొసలో ఎరుపు లేదు. ఉక్కు అంచు నల్ల తీగలో పంటిగాటులా దిగబడి ఉంది.

మల్‌గ్రూ ముక్కు తుడుచుకున్నాడు. "చెయ్యి ఉన్నాక జారుతుంది మేస్త్రీ. నా చేత ఎన్ని విప్పించి మళ్లీ కట్టించలేదు నువ్వు? సరిచెయ్యి, మర్చిపోదాం," అని వెళ్లిపోయాడు. అంతే. నా పంచప్రాణాలూ లేచొచ్చాయి. ఏప్రిల్ ఎంతో దూరం లేదు, గండం గడిచింది అనుకున్నాను.

మధ్యాహ్నం ఐదో అంతస్తు కిటికీ దగ్గర తలకిందులుగా బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. అండీన్ కట్టిన డబ్బా విప్పాను. మొక్కజొన్న సంకటిలో బెండకాయలు, మీద ఎగిరే చేప పులుసు. చల్లారిపోయినా దాని వాసన ప్రాణం లేపుతుంది. ఆయన ముట్టుకోలేదు.

"పిల్లా, కళ్లు మూసుకుంటా. నా చేతిలో ఏదైనా పెట్టు."

"ఏంటీ చిన్నపిల్లల ఆటలు? తిను."

"పెట్టమన్నానా?"

అరచెయ్యి చాపాడు. ఒక స్క్రూ పెట్టాను. వేళ్లతో నలిపి నలిపి, "స్క్రూ," అన్నాడు. బరువుని బట్టి కనుక్కున్నాడని తెలుస్తూనే ఉంది. పిప్పరమెంటు బిళ్ల పెట్టాను. చాలాసేపు తడిమి, "మూత. తీగలు ముడేసే ప్లాస్టిక్ మూత," అన్నాడు. నేను బిళ్ల తీసేసుకున్నాను. మూడోసారి నా చేతులాడలేదు. ఏమీ పెట్టకుండా ఊరుకున్నాను. ఆయన ఖాళీ గుప్పిట మూసి, చిటికెన వేలితో అరచేతిలో తడుముకుని, "ఇది ఎర్ర టోపీ," అన్నాడు.

కళ్లు తెరిచి అరచేతిలోకి చూసుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇంకేం చూడను?

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"వేసవి చివర్నుంచి. ముందు చిటికెన వేలు. తర్వాత మిగతావి. అండీన్‌కి తెలీదు. తెలిస్తే ఆపరేషన్ వద్దంటుంది."

అప్పుడు నా నోటికొచ్చిందంతా అన్నాను. "సరే, తెలిసింది కదా. ఏప్రిల్ దాకా నోరు మూసుకో. నీ పెట్టెలన్నీ నేను చూస్తా. నువ్వే తెరవమంటే తప్పు లేదు. రోజూ సాయంత్రం పని ఆపే అరగంట ముందు మొదలుపెడదాం. మల్‌గ్రూ మర్చిపోదామన్నాడు, నువ్వు కూడా మర్చిపో. నలభై ఏళ్లు ఈ ఊరికి దీపాలు పెట్టావు, రెండు నెలలు నీకోసం ఈ ఊరు ఆగలేదా?"

"ఐదో అంతస్తు చూస్తావు. నాలుగు?"

నాలుగో అంతస్తులో మనుషులున్నారు. వేసవి పోయాక, చలికి ముందు మేం కట్టిన అంతస్తు అది. తలుపులకి తాళాలు, గోడలకి రంగులు, కిటికీలకి పరదాలు. ఫోర్‌మన్ చెప్పి, యజమాని ఒప్పుకుని, అద్దెకున్నవాళ్లు తలుపు తీస్తే తప్ప ఒక్క పెట్టె కూడా తెరవలేం.

"పొద్దున లిఫ్టులో ఒకమ్మాయి ఎక్కింది," అన్నాడు గిట్టెన్స్. "చంకలో బిడ్డ. నాలుగు నొక్కమంది. నేను నొక్కితే రెండు వెలిగింది. నవ్వి తనే నొక్కుకుంది."

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మా పనిలో పోయే ఆ ప్రాణం మనదై ఉండదు, అదీ బాధ. గిట్టెన్స్ లేచి డబ్బా మూత పెట్టబోయాడు, పట్టలేదు. నేనే పెట్టాను. ఆరో అంతస్తులో ప్లైవుడ్‌తో కట్టిన మల్‌గ్రూ గదిలోకి ఇద్దరం కలిసి వెళ్లాం.

గిట్టెన్స్ నిలబడే చెప్పాడు. మల్‌గ్రూ విన్నంతసేపూ చెత్తబుట్ట వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "పొద్దున్న మూసేశాంగా మేస్త్రీ! నాకెందుకు చెప్పావు? అండీనమ్మ సంగతి నాకు తెలీదా? ఇప్పుడు నేనేం చెయ్యను?"

"నువ్వు మూశావు. నాకు మూతపడలేదు."

"ఇది పైకి చెప్పాక నిన్ను ఉంచుకోలేను."

"తెలుసు."

"శుక్రవారం దాకా జీతాల పట్టీలో పేరు ఉంచుతాను. పనిముట్టు మాత్రం ముట్టుకోవద్దు." మల్‌గ్రూ జలుబు వంకతో రుమాలు తీశాడు. "నాలుగో అంతస్తుకి నేను ఫోన్లు చేస్తా. మార్వా తెరుస్తుంది."

"టార్చి పట్టుకోవచ్చా?" అని అడిగాడు గిట్టెన్స్.

"పట్టుకో," అన్నాడు మల్‌గ్రూ.

మర్నాడు పొద్దున నాలుగో అంతస్తులో మొదలుపెట్టాం. మొదటి ఇంటాయన విసుక్కుంటూ తలుపు తీశాడు. నేను కరెంటు ఆపి గోడ దగ్గర కూర్చుని ఒక్కొక్క మూతా విప్పుతున్నాను. గిట్టెన్స్ రెండు చేతులతో టార్చి పట్టుకుని నా వెనక వంగాడు. పదకొండేళ్లలో నేను ఆయన పెట్టెని నా చేత్తో విప్పి చూడటం అదే మొదలు. ఎంత ముచ్చటైన పని! తీగలు మడతలు పెట్టిన బట్టల్లా ఉన్నాయి. నా పెట్టెలు ఎప్పుడూ అలా ఉండవు.

"ఉందా?"

"ఉంది."

ఇంకోటి విప్పాను.

"ఉందా?"

"ఉంది పెద్దాయనా."

మొదటి ఇంట్లో అన్నీ ఉన్నాయి. రెండో ఇంట్లో కూడా. ఆయన వీపు కొంచెం నిటారైంది. నేను కూడా, చూశావా, అనవసరంగా నోరు పారేసుకున్నాం అనబోయాను. మూడో ఇల్లు ఆ లిఫ్టు అమ్మాయిదే. బిడ్డ పక్కగదిలో ఏడుస్తోంది. పడకగదిలో ఉయ్యాల మంచం పక్కకి జరిపి, దాని వెనక ప్లగ్గు విప్పాను.

"ఉందా?"

వేలితో తడిమి మళ్లీ చూశాను.

"లేదు," అన్నాను.

ఆయన గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. నేను కొస మళ్లీ కోసి, ఎర్ర టోపీ పెట్టి, కళ్లారా చూసి, బిగించాను. ఉయ్యాల మంచం యథాస్థానంలో పెట్టేదాకా ఆయన లేవలేదు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"అండీన్‌కి కలుపు. నా వేలికి అది పలకదు."

కలిపి, గట్టిగా వినపడేలా పెట్టి, ఆయన మోకాలి మీద ఉంచాను.

"ఏంటి, పనివేళ ఫోను?" అంది అండీనక్క.

"అండీన్, నా చేతులు..." అని ఆగిపోయాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ చొక్కాలు రాత్రే బొత్తాలు పెట్టి కుర్చీకి తగిలిస్తున్నా, మెడ దగ్గర రెండు తప్ప. పొద్దున్నే తల మీంచి తొడుక్కుని పోతున్నావు. ఎందుకిలా పెడుతున్నావే అని ఒక్కరోజైనా అడిగావా?"

గిట్టెన్స్ తన చొక్కా బొత్తాల వంక చూసుకున్నాడు.

"నువ్వు అడిగితే చెబుదామని నేను, నేను అడిగితే చెబుదామని నువ్వు. మొండిఘటాలం ఇద్దరం."

"ఏప్రిల్‌లో అవదు, అండీన్."

అటునుంచి కర్ర నేలకి ఆనించిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆమె ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. ముక్కు చీదుకుని, "ఎక్కడున్నావిప్పుడు?" అంది.

"నాలుగో అంతస్తులో. నా పెట్టెలు విప్పి చూపిస్తోంది పిల్ల. ఒకటి బిడ్డ మంచం పక్కనే ఉంది, అండీన్."

"అయితే ఫోన్ పెట్టేసి మిగతావి చూడండి. తొందరపడొద్దు. మార్వా, వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"చలి ఎక్కువగా ఉంది. వచ్చేటప్పుడు ఆయన కోటు జిప్పు నువ్వు వెయ్యి. నోరు తెరిచి అడగడు."

చీకటి పడేవేళకి ఆ వరసలో సగం ఇళ్లు అయ్యాయి. మా ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. కింద తలుపు దగ్గర ఆయన కోటు తొడుక్కుని, రెండు అంచులూ చేత్తో దగ్గరికి పట్టుకుని బయటికి నడవబోయాడు. అడగలేదు. నేను ఎదురెళ్లి, వంగి, జిప్పు కొస కలిపి మెడ దాకా లాగాను. ఆయన గడ్డం పైకెత్తి, నా తల మీదుగా వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.